ఊళ్లకి పెళ్లిచూపులు

కంపెనీ నుంచి వచ్చిన ఉత్తరాన్ని బావ నిలబడి ఒకసారి, కూచుని ఒకసారి, బాత్రూములో తలుపేసుకుని ఇంకోసారి చదువుకుని, ఆ తర్వాత గానీ చీమకి వినిపించలేదు.

చీమ అతని భార్య, మేనమామ కూతురు. చిన్నప్పుడు ఎవరింటికి వెళ్లినా చింతపిక్కలో, ఖాళీ అగ్గిపెట్టెలో, ఏదో ఒకటి ఇంటికి మోసుకొచ్చేదని నాయనమ్మ పెట్టిన పేరది. ఆ పేరుకి న్యాయం చెయ్యడానికే కాబోలు, దేవుడు ఆమెని పరాయి దేశంలో ఉన్న లిఫ్టు మెకానిక్కుకి కట్టబెట్టాడు. ఐదేళ్లలో ఆరు ఊళ్లు. ఆరుసార్లు గిన్నెలు కాగితాల్లో చుట్టింది, ఆరుసార్లు విప్పింది. అత్తయ్య అయితే కొడుకు అడ్రసు పెన్నుతో రాసుకోవడం ఎప్పుడో మానేసి, పెన్సిలుతో రాసుకుంటోంది. చీమ మొగుణ్ణి బావా అనే పిలుస్తుంది గనక మనమూ బావ అనే అనుకుందాం, వరస కుదిరినా కుదరకపోయినా.

బావ లిఫ్టులు బిగిస్తాడు. ఎక్కడ కొత్త మేడ లేచినా కంపెనీ అతన్ని అక్కడికి తోలుతుంది. మోటారు, తాళ్లు, తలుపులు అన్నీ అమర్చి, లిఫ్టు నేలకీ అంతస్తు నేలకీ మధ్య వెంట్రుకవాసి తేడా లేకుండా ఆగేదాకా ఆ ఊళ్లోనే ఉండాలి. అది కుదురుకోగానే వీళ్లు ఇంకో ఊరికి బయల్దేరాలి. ఇప్పుడొచ్చిన ఉత్తరంలో సంగతేమిటంటే, ఇక తిరగక్కర్లేదు. ఉన్న లిఫ్టుల బాగోగులు చూసుకుంటూ ఒకే ఊళ్లో ఉండిపోయే ఉద్యోగం. నాలుగు ఊళ్లలో ఖాళీలున్నాయి, నాలుగూ బావ ఇదివరకు పనిచేసినవే. ఏదో ఒక ఊరి పేరు ఫారంలో రాసి వచ్చే సోమవారం పొద్దున్నకల్లా పంపాలి. రాశాక మార్చుకోవడానికి లేదు.

బావ సంబరం పట్టలేక ఒక తెల్లకాగితం తీసి గళ్లు గీశాడు. చలి ఎంత, ఆసుపత్రి ఎంత దూరం, కూరగాయలు దొరుకుతాయా, లిఫ్టుల వయసెంత. చీమ ఆ గళ్ల వంక చూస్తూ కూచుంది. ఆమెకి ఐదో నెల. ఆమె మనసులో ఉన్నది ఒకటే గడి, అది బావ కాగితంలో లేదు.

మూడు వారాల కిందట, పొద్దున్న పదకొండు గంటలప్పుడు, మూడో అంతస్తుకి మెట్లెక్కుతూ ఆమె కళ్లు తిరిగి కూలబడింది. లిఫ్టులు బిగించేవాడి ఇంటికి లిఫ్టు ఉండాలని ఎక్కడా రాసిపెట్టి లేదు కదా. చేతిలో ఫోనుంది. బావ ఎనభై కిలోమీటర్ల అవతల ఎవరి మేడలోనో తాడు పట్టుకుని వేలాడుతున్నాడు. ఇంకెవరికి చెయ్యాలో తోచలేదు. ఆమె మెట్టు మీద కూచునుండగా ముగ్గురు మనుషులు ఎంతో మర్యాదగా ఒదిగి పక్కనుంచి దిగిపోయారు. ఆ మెట్ల మీద ఎనిమిది నెలలుగా తిరుగుతోంది, ఆ ముగ్గురిలో ఒక్కరి పేరూ ఆమెకి తెలియదు, ఆమె పేరు వాళ్లకీ తెలియదు. నలభై నిమిషాలకి కాళ్లలో ఓపిక వచ్చి తనే లేచి ఇంటికెళ్లింది.

ఆ రోజు నుంచీ చీమకి భయం పట్టుకుంది. నొప్పులొచ్చే వేళకి బావ ఏ లిఫ్టు గోతిలో ఉంటాడో, తను ఎవరి తలుపు తట్టాలి? అందుకని ఆమెకి కావలసిన ఊరు ఒకటే. తమని చూడగానే గుర్తుపట్టే మనిషి ఉన్న ఊరు. పదిమంది అక్కర్లేదు, ఒక్కరు చాలు. బావ కంగారుపడతాడని మెట్ల సంగతి చెప్పలేదు గానీ, “ఓసారి నాలుగు ఊళ్లూ చూసొద్దాం బావా” అంది.

“చూసినవేగా? కాపురాలు కూడా చేశాం!”

“అప్పుడు కంపెనీ చెప్పిన పిల్లకి తాళి కట్టేశాం. ఇప్పుడు మనం మగపెళ్లివారం. పద్ధతిగా వెళ్లి, కూచుని, నాలుగు మాటలు మాట్లాడి వద్దాం. నచ్చకపోతే ఇంటికెళ్లి ఉత్తరం రాస్తామని లేచి వచ్చేద్దాం.”

బావకి ఆ వరస తెగ నచ్చింది. బుధవారం నుంచి సెలవు పెట్టాడు. పాత కారు వెనక సీట్లో దిండు, దుప్పటి, పులిహోర డబ్బా, చీమకి వాంతులొస్తే పనికొస్తాయని నిమ్మకాయలు సర్దుకుని ఊళ్ల పెళ్లిచూపులకి బయల్దేరారు.

ఆ ఊళ్ల అసలు పేర్లకి వాళ్లిద్దరికీ ఎప్పుడూ నోరు తిరగలేదు. అందుకని ఇంట్లో తమ పేర్లు తాము పెట్టుకున్నారు. మొదట వెళ్లింది రేవు ఊరు. వీధులన్నీ సముద్రంలోకి జారిపోతున్నట్టుంటాయి. ఆ ఊళ్లో వాళ్లు ఎనిమిది నెలలు ఒక చెప్పుల కొట్టు మీది గదిలో ఉన్నారు. చెప్పులు కుట్టే ఆయన ఎదురుగా నుంచే రోజుకి నాలుగుసార్లు పైకీ కిందకీ తిరిగింది చీమ. ఈయన తప్పకుండా గుర్తుపడతాడని ఆమె ధీమా.

ఆయన తలెత్తి చీమ మొహం చూశాడు, బావ మొహం చూశాడు. తర్వాత బావ కాళ్ల వంక చూశాడు. ఆయన మొహం వెలిగిపోయింది.

“ఇది నా కుట్టు!” అన్నాడు. ఆ మాట అంటూనే వంగి బావ కుడికాలి బూటు విప్పించి చేతిలోకి తీసుకున్నాడు. “ఈ అడుగు నేనే వేశాను. మూడేళ్లయి ఉంటుంది. మడమ లోపలివైపు అరిగిపోయి వచ్చింది. ఎవరో ఒకాయన తెచ్చాడు.”

“ఆ ఒకాయన నేనే” అన్నాడు బావ ఒంటికాలి మీద నిలబడి.

“అలాగా” అన్నాడాయన మర్యాదకి, బూటునే చూసుకుంటూ.

చీమ ఉండబట్టలేక, “మేం మీ పై గదిలో ఎనిమిది నెలలు ఉన్నామండీ” అంది.

ఆయన చాలాసేపు ఆలోచించాడు. “పై గదా? అప్పట్లో అది ఖాళీగా ఉండేదే. పైనుంచి ఎప్పుడూ చిన్న చప్పుడు కూడా వినలేదు.” వీళ్ల మొహాలు చూసి సర్దుకున్నాడు. “ఉన్నారా? అయితే చాలా మంచివాళ్లన్నమాట.”

బయటికి రాగానే బావ ఛాతీ రెండంగుళాలు ఉబ్బింది. “విన్నావా? ఎనిమిది నెలలు నెత్తి మీద కాపురం చేస్తే ఖాళీ గది అనుకున్నాడట! ఇంతకంటే సర్టిఫికెట్టు ఏం కావాలే?”

బావ గొప్ప ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్పాలి. అతనికి పని నేర్పిన మేస్త్రి మొదటిరోజే ఒక మాట చెప్పాడట. మంచి లిఫ్టు ఎక్కినవాడికి, దిగాక అది గుర్తుండకూడదు. గుర్తుందంటే ఎక్కడో కుదిపిందనో, మూలిగిందనో అర్థం. పనివాడూ అంతే, వచ్చి వెళ్లాడని ఎవరికీ తెలియకూడదు. బావ ఈ సూత్రాన్ని లిఫ్టు గోతిలోంచి ఇంట్లోకి మోసుకొచ్చాడు. ఇంట్లో మేజోళ్లతోనే నడవాలి. గోడకి మేకు కొట్టకూడదు. మిక్సీకి తువ్వాలు చుట్టి, స్నానాలగదిలో పెట్టి, తలుపేసి తిప్పాలి. చీమ బట్టల కొట్లకి పాంట్ల అంచులు కుట్టిపెడుతుంది, కుట్టుమిషను టకటకలాడుతుందని అవి కూడా చేత్తోనే కుట్టేది. నవ్వొస్తే దిండు అడ్డం పెట్టుకునేవాళ్లు. ఇల్లు వదిలేటప్పుడు ఇద్దరూ మోకాళ్ల మీద కూచుని, అందులో మనుషులు ఉన్నారన్న ఆనవాలు లేకుండా తుడిచి మరీ తాళం ఇచ్చేవారు. ఆఖరి ఐదు ఊళ్లలో వాళ్ల మీద ఒక్క ఫిర్యాదు లేదు. అత్తయ్యతో ఫోనులో బావ ఆ సంగతి పతకం వచ్చినంత గొప్పగా చెప్పుకునేవాడు.

చీమ మూతి ముడుచుకుని కారెక్కింది. “పిల్ల నచ్చలేదు” అంది. “పిల్ల తండ్రికి నీ బూట్లు నచ్చాయి, అంతే.”

రెండోది గాలి ఊరు. చుట్టూ కనుచూపుమేర చదునైన పొలాలు, మధ్యలో నాలుగు మేడలు, వాటి మధ్య ఎప్పుడూ ఈలలేసే గాలి. అక్కడ చీమ ఆశలన్నీ రొట్టెల కొట్టు ఆవిడ మీదే. ఏడు నెలలపాటు రోజూ ఎనిమిదిన్నరకి వెళ్లి అదే రకం రొట్టె, అదే బల్ల దగ్గర, అదే చిరునవ్వుతో కొనుక్కుంది. ఎప్పుడూ సరిపడా చిల్లర ఇచ్చేది, ఒక్క మాట ఎక్కువ మాట్లాడి ఆవిడ సమయం తినేది కాదు.

ఈసారి కూడా ఎనిమిదిన్నరకే వెళ్లి నిలబడింది. రొట్టెలావిడ కళ్లు పెద్దవి చేసి నవ్వింది. చీమ గుండె గబగబా కొట్టుకుంది.

“మా ఊరికి కొత్తా?” అంది ఆవిడ ఆప్యాయంగా. రొట్టెతోపాటు బల్లకింద నుంచి ఒక రంగుల కాగితం తీసి ఇచ్చింది. అందులో ఊళ్లో చూడదగ్గ స్థలాలు గుర్తులు పెట్టి ఉన్నాయి. “ఇక్కడ గాలి ఎక్కువమ్మా, తల మీద ఏదైనా కట్టుకో. ఎన్నాళ్లుంటారు?”

“ఉండి వెళ్లిపోయామండీ” అంది చీమ.

బావ ఎలాగో కారుదాకా ఆపుకుని, స్టీరింగు మీద తల ఆనించి కడుపుబ్బా నవ్వాడు. చూడదగ్గ స్థలాల కాగితంలో వాళ్లు ఏడు నెలలు కాపురమున్న వీధి కూడా ఉందని చూపించి మళ్లీ నవ్వాడు. నవ్వి నవ్వి పక్కకి తిరిగేసరికి చీమ రొట్టె తుంచుకుని తింటూ ధారగా ఏడుస్తోంది.

అప్పుడు చెప్పింది మెట్ల సంగతి. కళ్లు తిరగడం, నలభై నిమిషాలు, పక్కనుంచి దిగిపోయిన ముగ్గురు, అన్నీ.

బావ మొహంలో నెత్తురుచుక్క లేదు. “నాకెందుకు చెప్పలేదే?”

“చెప్తే నువ్వు తాడు వదిలేసి పరిగెత్తుకొస్తావు. లిఫ్టులో మనుషులుండిపోతారు.”

“ఉండనీ!”

“ఆ రోజంటే సరే. నొప్పులొచ్చిన రోజున? నువ్వు వచ్చేదాకా నా పక్కన ఎవరు కూచుంటారు బావా? నాకు పెద్ద ఆసుపత్రి వద్దు, మంచి ఎండ వద్దు. ఫలానా పిల్లకి ఏమైంది, కనబళ్లేదే అని అడిగే మనిషి ఒక్కరు కావాలి. మనం ఎంత మంచివాళ్లమంటే, మనం చచ్చిపోయినా ఇల్లు ఖాళీగా ఉందనుకుంటారు.”

తన భార్యని అన్నాళ్లు మేజోళ్లతో నడిపించింది తనేనని బావకి గుర్తొచ్చింది. జేబులోంచి గళ్ల కాగితం తీసి, చలి దగ్గర్నుంచి లిఫ్టుల వయసుదాకా అన్నీ కొట్టేసి, కింద ఒకే మాట రాశాడు. మనిషి. తర్వాత చీమ చేతిలో మిగిలిన రొట్టెముక్క తనూ తిన్నాడు.

“సరస్సు ఊళ్లో చూడు” అన్నాడు కారు తీస్తూ. “అక్కడి హోటలు వాచ్‌మన్ ఉన్నాడు కదా. ఆరు నెలలు రోజూ తాళంచెవి అతని చేతిలోంచే తీసుకున్నాను. కనబడగానే కావలించుకోకపోతే నన్నడుగు.”

సరస్సు ఊరు పెళ్లిపీటల మీద కూచున్నట్టే ఉంటుంది ఏడాది పొడుగునా. నీళ్లు, పూలకుండీలు, ఫోటోలు తీసుకునే జనం. తొమ్మిదంతస్తుల హోటలు ముందు అదే వాచ్‌మన్, అదే టోపీ. బావ నవ్వుతూ ఎదురెళ్లి, “లిఫ్టు ఎలా ఉంది?” అన్నాడు.

వాచ్‌మన్ రెండు చేతులూ జోడించినంత పని చేశాడు. “ఆ లిఫ్టు గురించి చెప్పాలంటే మాటలు చాలవండి! మూడేళ్లయింది, ఒక్కసారి మొరాయిస్తే ఒట్టు. గ్లాసు నిండా నీళ్లు పట్టుకుని తొమ్మిదో అంతస్తుకి వెళ్లినా చుక్క ఒలకదు. ఎవడు బిగించాడో గానీ మహానుభావుడు!”

“చూశారా ఆయన్ని?” అన్నాడు బావ ఆశగా, మొహం కాస్త వెలుతురులోకి తిప్పి.

“లేదండీ, నేను రాకముందే బిగించేసి ఉంటారు. మీరేమైనా లిఫ్టు కొనే ఆలోచనలో ఉన్నారా?”

“చూస్తున్నాం. మంచి పనివాడు దొరకాలి కదా” అన్నాడు బావ. అని, తన లిఫ్టులోనే తొమ్మిదో అంతస్తుకి వెళ్లి, ఒక్క కుదుపు లేకుండా కిందికి దిగి, కారు దగ్గరికి నడిచాడు. ఈసారి నవ్వడం చీమ వంతు. ఒక చెయ్యి పొట్ట మీద వేసుకుని, ఒక చెయ్యి కారు మీద వేసి, మహానుభావా మహానుభావా అని పిలుస్తూ నవ్వింది. నవ్వు తగ్గాక చూస్తే అతను చిన్నపిల్లాడిలా మొహం పెట్టుకుని ఉన్నాడు.

“నన్ను గుర్తుపట్టలేదే చీమా” అన్నాడు.

“అదే బావా” అంది చీమ, అతని చెయ్యి పట్టుకుని.

అప్పటికి శనివారం సాయంత్రం. మిగిలింది రైళ్ల ఊరు ఒకటే. నాలుగు దిక్కుల నుంచీ వచ్చే రైళ్లు అక్కడ కలుస్తాయి, అంతకుమించి ఆ ఊరికి చెప్పుకోదగ్గ అందమేమీ లేదు. ఆ దేశంలో దిగాక వీళ్లు మొట్టమొదట కాపురం పెట్టిన ఊరది.

“అక్కడికి వెళ్లక్కర్లేదు” అన్నాడు బావ. “అక్కడ మనల్ని గుర్తుపట్టేవాళ్లున్నారు. అదే ఇబ్బంది.”

ఇబ్బంది పేరు టీసీ. ముప్ఫై ఏళ్లు రైళ్లలో టికెట్లు తనిఖీ చేసి రిటైరయిన మనిషి. వీళ్లు పైన, ఆవిడ కింద. కొత్తగా పెళ్లయిన జంట, మేజోళ్లు అంటే చలికాలంలో వేసుకునేవి అనుకునే రోజులు. మిక్సీ వంటింటి బల్ల మీదే ఠారెత్తించేది. చీమ పాటలు, బావ వెక్కిరింపులు, ఇద్దరి పరుగులు. టీసీ పైకి వచ్చి, గుమ్మంలో నిలబడి, టికెట్టు లేనివాణ్ణి పట్టుకున్నట్టు చెడామడా తిట్టేది. ఆవిడ తిట్టిన భాష సగమే అర్థమైనా, బావకి తల కొట్టేసినట్టయ్యేది. పది వారాలు భరించి, కంపెనీవాళ్ల కాళ్లావేళ్లా పడి వేరే ఊరికి వేయించుకున్నాడు. మేస్త్రి సూత్రం ఇంట్లోకి వచ్చింది ఆ తర్వాతే.

“మిగతా మూడింట్లో ఏదో ఒకటి రాసేద్దాం” అన్నాడు బావ. చీమ ఊఁ అంది. ఆ ఊఁలో ప్రాణం లేదు.

ఆదివారం ఇంటికి తిరిగొచ్చే దారి మాత్రం రైళ్ల ఊరి మీదుగానే. ఊరు దాటేద్దామని బావ స్పీడు పెంచాడు గానీ, కడుపుతో ఉన్న మనిషికి దారిలో బాత్రూము కావాల్సొస్తే మొగుడి పౌరుషాలు పనికిరావు. స్టేషను ముందు కారు ఆపాడు. చీమ వెళ్లి, పని చూసుకుని, మెల్లగా ప్లాట్‌ఫారం మీదుగా వస్తోంది. మూడు గంటల రైలు వచ్చే వేళ. బెంచీ మీద కూచుని చేతి గడియారం చూసుకుంటున్న ఒక పెద్దావిడ తలెత్తింది.

“ఏయ్, మిక్సీ!”

చీమ గుండె జారిపోయింది. తప్పించుకుందామనుకునే లోపే ఆవిడ లేచొచ్చి మణికట్టు పట్టేసుకుంది. అప్పుడే వెతుక్కుంటూ వచ్చిన బావ ఆ దృశ్యం చూసి, “ఇప్పుడేం చప్పుడు చేశామే?” అన్నాడు తెలుగులో.

“వీడూ ఉన్నాడు! పరుగులబ్బాయి!” అంది టీసీ. చీమని పైనుంచి కిందిదాకా చూసింది. “ఎన్నో నెల?”

నాలుగు ఊళ్లు తిరిగాక ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆవిడే. “ఐదు. కార్లో ఊళ్లు చూసి తిరిగొస్తున్నాం” అంది చీమ.

“ఐదో నెల పిల్లని కార్లో పడేసి ఊళ్లు తిప్పుతున్నావా? బుద్ధుందా?” అని బావ మీద ఒంటికాలి మీద లేచింది. రైలు రెండు నిమిషాలు ఆలస్యంగా రావడం చూసి దాన్ని కూడా తిట్టింది. తర్వాత వాళ్లేం చెబుతున్నా వినకుండా ఇద్దర్నీ ముందు పెట్టుకుని ఇంటికి నడిపించింది. బావ తనని పోలీసుస్టేషనుకి తీసుకెళ్తున్నారేమో అన్నంత బుద్ధిగా నడిచాడు.

ఇల్లు మారలేదు. అదే నల్ల గేటు, అవే ఇరవైరెండు మెట్లు పైకి. వీధి గుమ్మంలో ఇల్లు అద్దెకివ్వబడును అన్న బోర్డు వేలాడుతోంది. టీసీ వాళ్లని తన ముందు గదిలో సోఫాలో కూచోబెట్టి, వేడి పాలు ఇచ్చి, బీరువాలోంచి ఒక నీలం అట్ట నోటుపుస్తకం తెచ్చి ఎదురుగా కూచుంది.

“మున్సిపాలిటీకి ఇద్దామని రాసింది. మీ మీద ఫిర్యాదు. రోజూ రాశాను, టైముతో సహా. ఇచ్చేలోపే మీరు ఉడాయించారు.”

కళ్లజోడు పెట్టుకుని చదవడం మొదలెట్టింది. “సోమవారం. ఆరూ పది, మిక్సీ. ఆరూ నలభై, పరుగు. ఎవరు ఎవర్ని తరుముతున్నారో తెలియదు. ఏడూ ఐదు, పాట. అదే ముక్క పదకొండు సార్లు. ఎనిమిది, నవ్వులు. పావుగంట. మంగళవారం. ఆరూ పది, మిక్సీ. ఏదో పడింది. నవ్వులు. ఆదివారం. మిక్సీ ఏడింటికి, నయం. మధ్యాహ్నమంతా నవ్వులు. దేనికో?”

ఇద్దరూ పాల గ్లాసులు పట్టుకుని అలాగే ఉండిపోయారు. ఈ దేశంలో ఐదేళ్లుగా ఉన్నామని చెప్పుకోవడానికి వాళ్ల దగ్గర పాస్‌పోర్టులో ముద్రలు తప్ప ఏమీ లేవు. ఇక్కడ చూస్తే పేజీల కొద్దీ వాళ్లే. తాము అన్నిసార్లు నవ్వేవాళ్లమని చీమ మర్చిపోయింది. బావ కళ్లు తుడుచుకోవడం కనబడకుండా గ్లాసు ఎత్తి తాగాడు.

“మీ తర్వాత ముగ్గురొచ్చారు పైకి” అంది టీసీ పేజీ తిప్పుతూ. “ఒక్కడూ చప్పుడు చెయ్యలేదు. ఆఖరివాడు ఖాళీ చేసి వెళ్లిన రెండు నెలలకి తెలిసింది నాకు, లేడని. ముప్ఫై ఏళ్లు రైళ్లలో బతికినదాన్ని, ఆ నిశ్శబ్దంలో నాకు నిద్దరెలా పడుతుందనుకున్నారు?” తన మాట తనకే మెత్తగా వినబడిందేమో, వెంటనే గొంతు పెంచింది. “అలాగని ఆరింటికి మిక్సీ ఏమిటి, మనుషులన్నాక!”

మళ్లీ చదివింది. “బుధవారం. కుర్రాడు లేడు. పిల్ల ఫోనులో ఏడుపు. మిక్సీ లేదు. గురువారం. మిక్సీ లేదు. పాట లేదు. అడుగుల చప్పుడు లేదు. పదింటికి పైకి వెళ్లాను. చాలాసేపటికి తలుపు తీసింది. మొహం ఎర్రగా ఉంది. సారీ అని వేసేసింది.” టీసీ కళ్లజోడు మీదుగా చూసింది. “ఎందుకు వేసేశావు?”

చీమకి ఆ గురువారం గుర్తొచ్చింది. బావని కంపెనీ రెండ్రోజులు పక్క ఊరికి పంపింది. తనకి ఒళ్లు కాలిపోయే జ్వరం. తలుపు చప్పుడైతే గోడ పట్టుకుంటూ వెళ్లి తీసింది. ఎదురుగా టీసీ. ఈసారి దేనికి తిడుతుందోనని, ఆవిడ నోరు తెరవకముందే సారీ చెప్పి తలుపేసి గొళ్లెం పెట్టుకుంది. అవతల ఆవిడ కాసేపు నిలబడే ఉందని, తర్వాత ఒక్కొక్క మెట్టూ దిగిందని చీమకి ఇప్పుడు గుర్తొచ్చింది.

“తిట్టడానికి వచ్చారనుకున్నాను” అంది.

“చప్పుడు లేని రోజున తిట్టడానికి ఎందుకొస్తాను?” అంది టీసీ నిజంగా అర్థం కాక.

చీమ ఏడ్చేసింది. గాలి ఊళ్లో ఏడ్చినట్టు కాదు, గట్టిగా, సిగ్గుపడకుండా ఏడ్చింది. ఏడుస్తూనే ఉన్నదున్నట్టు చెప్పింది. మెట్ల మీద కళ్లు తిరగడం, తన భయం, రేపటిలోగా రాయాల్సిన ఊరి పేరు. చెప్పి, ముక్కు తుడుచుకుని అడిగింది. “మేం మళ్లీ పైకి వస్తే, ఎప్పుడైనా బావ లేనప్పుడు నాకు ఒంట్లో బాగోకపోతే, పిలిస్తే వస్తారా?”

“పిలవడమెందుకు? నాకు వినబడదూ?” అంది టీసీ. “వస్తాను. నువ్వు మాత్రం ఈసారి తలుపెయ్యకు.”

చీమ ఆవిడ చెయ్యి పట్టుకుంది. టీసీ ఆ చేతిని అలాగే ఉండనిచ్చి, ఇంకో చేత్తో బావకి పెన్ను అందించింది. బావ నీలం అట్ట నోటుపుస్తకం ఒళ్లో పెట్టుకుని, దాని మీద ఫారం పరుచుకుని, ఊరి పేరు రాశాడు.